పైనుంచి ఊడిన పోస్టరు

నా ఎడమ కన్ను ఇవాళ సరిగ్గా చూస్తోందంటే అది మా మామయ్య నోటి చలవ. కంటికీ నోటికీ ఏమిటి సంబంధం అని అడక్కండి, అదే చెప్పబోతున్నాను. ఈ సంగతి ఎత్తితే నాకు ఇప్పటికీ ఒక చోట కూర్చోబుద్ధి కాదు.

మామయ్య అంటే మా అమ్మకు అన్న. గోడల మీద పోస్టర్లు అంటించడం ఆయన పని. సినిమావి, సర్కసువి, కొత్తగా తెరిచిన చెప్పుల దుకాణాలవి, ఏవైనా సరే. అసలు పేరు ఒకటుంది గానీ అందరూ మైకు అనే పిలుస్తారు. నిచ్చెన మీద నుంచి "జిగురు!" అని ఆయన కేకేస్తే పక్క వీధిలో పడుకున్న కుక్క లేచి నిలబడుతుంది. గోరంతను కొండంత చెయ్యడంలో ఆయన తరవాతే ఎవరైనా. వేలికి ముల్లు గుచ్చుకుంటే "చెయ్యి పోయిందిరో!" అంటాడు. జలుబు చేస్తే ఆస్తి ఎవరికి రాయాలో చెప్పడం మొదలుపెడతాడు. ఆయనకున్న ఆస్తి రెండు నిచ్చెనలు.

మా అత్తయ్య మాత్రం ఉలకదు, పలకదు. పొద్దున్నే పెద్ద గిన్నెలో పిండి ఉడికించి జిగురు తయారుచేస్తూ నాతో అంటుంది: "ఆయన అరుస్తున్నంతసేపూ బాగున్నట్టే. అరుపు ఆగితే చెప్పు, అప్పుడు కంగారు పడదాం."

మామయ్యకు ఒక్కటే గర్వం. తాను అంటించిన పోస్టరులో ముడత ఉండదు. ఉందని ఎవరైనా అన్నారో, వాళ్ళ పని అయిపోయినట్టే. ఒకసారి సినిమా హాలు మేనేజరు "ఆ పై మూల కాస్త ముడత పడినట్టుందే" అన్నాడు పాపం. మామయ్య ఆయన చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి నిచ్చెన ఎక్కించాడు, దగ్గరనుంచి చూసుకోమని. మేనేజరు ఎక్కడమైతే ఎక్కాడు గానీ దిగడం చేతకాక గోడను కావలించుకుని నిలబడిపోయాడు. చివరికి ముడత లేదని ఒప్పుకున్నాకే మామయ్య ఆయన్ని దింపాడు.

చదువు నాకు అచ్చిరాలేదు. అందుకని మామయ్య దగ్గర పనిలో చేరాను. నాకు చిన్నప్పటినుంచీ మైనస్ పవర్ ఎక్కువ, సోడాబుడ్డి అద్దాలు. ఆ అద్దాలు పెట్టుకుంటే చీమ నడక కూడా కనిపిస్తుంది, అందుకే ఆయన నన్ను ఏరి కోరి తీసుకున్నాడు. నా పని రోడ్డుకు ఇవతల నిలబడి, ఆయన అవతల గోడ మీద అంటిస్తున్న పోస్టరు వంకర పోకుండా చెప్పడం. దానికో పద్ధతి ఉంది. ఎడమ కన్ను గట్టిగా మూసుకోవాలి. కుడి కన్నుతో పోస్టరు నడిమధ్యకు చూపు నిలపాలి. చూపు అక్కడినుంచి కదపకుండా నాలుగు మూలలూ ఒక్కసారే చూడాలి.

"రెండు కళ్ళతో చూస్తే రెండు మాటలు చెబుతావు" అని నేర్పించాడు మామయ్య. ఆయనా అంతే, పైన నిలబడి అంచు సరిచూసుకోవాలంటే ఎడమ కన్ను మూస్తాడు. ఇద్దరం వీధికి అటూ ఇటూ నిలబడి ఒకరికొకరు కన్ను కొడుతున్నట్టు ఉంటాం. కొత్తవాళ్ళు చూసి అపార్థం చేసుకున్న సందర్భాలూ ఉన్నాయి.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఒకరోజు పొద్దున మామయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. చొక్కాకి తుడిచాడు, తువ్వాలుకి తుడిచాడు, కుళాయి కింద పెట్టి కడిగాడు.

"జిగురు చిమ్మిందే కోడలా, అద్దం నిండా చుక్కలు!"

"జిగురు నల్లగా ఉంటుందా మామయ్యా?"

"అయితే పోస్టరు రంగు చిమ్మి ఉంటుంది. చూడు, తుడుస్తుంటే కదులుతున్నాయి గానీ పోవడం లేదు. అద్దం తీసినా ఇక్కడే తిరుగుతున్నాయి!"

అద్దం తీసినా కనిపించేవి అద్దం మీద ఎలా ఉంటాయి? ఆ ఆలోచన ఆయనకూ రాలేదు, నాకూ రాలేదు. జిగురుతో బతికేవాళ్ళకు లోకంలో ప్రతి మచ్చా జిగురు మచ్చే.

మధ్యాహ్నానికి ఇంకో వింత. నిచ్చెన మీద పనిచేస్తున్నవాడు ఉన్నట్టుండి ఆగి, మీసం దువ్వుకుని, కుడివైపు తిరిగి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. అటువైపు ఎవరూ లేరు, ఒక ఖాళీ గోడ తప్ప.

"ఎవర్ని చూసి మామయ్యా ఆ నవ్వు?"

"ఎవరో పక్కనుంచి ఫొటోలు తీస్తున్నారే! తళుక్కుమని ఫ్లాషు మెరుస్తోంది, పొద్దుటినుంచీ చూస్తున్నా!"

"అవునవును. రేపటి పోస్టరులో హీరోవి నువ్వే" అని ఏడిపించాను. మర్నాడు కూడా ఆ ఫ్లాషు మెరిసినప్పుడల్లా ఆయన నవ్వాడు. నేను కడుపు పట్టుకుని నవ్వాను.

ఆ నవ్వు సినిమా హాలు గోడ దగ్గర ఆగిపోయింది. పెద్ద పోస్టరు, మూడు ముక్కలుగా అతికించాలి. మొదటి ముక్క అంటించి, అంచు చూసుకోవడానికి మామయ్య ఎప్పటిలాగే ఎడమ కన్ను మూసి కిందికి చూశాడు. నేను కొత్త కుంచె అందిద్దామని అప్పుడే నిచ్చెన కిందికి వచ్చాను. జిగురు బకెట్టు ఆయన చేతిలోంచి జారింది. ఎక్కడ పడిందో చెప్పాలా? నా నెత్తిన!

కళ్ళలో, చెవుల్లో, జడలో, ఎక్కడ చూసినా జిగురే. తిడదామని నోరు తెరిచి పైకి చూశాను. మామయ్య నిచ్చెనను రెండు చేతులా వాటేసుకుని ఉన్నాడు.

"కోడలా" అన్నాడు. నాకు మాత్రమే వినిపించేంత మెల్లగా. "పోస్టరు సగంనుంచి కిందికి లేదే. మెట్లు కూడా లేవు. నల్లగా ఏదో కిందినుంచి పైకి వస్తోంది."

ఆయన మాట అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. ఎడమ కన్ను తెరవమన్నాను, పాదం పట్టుకుని ఒక్కో మెట్టే దింపాను. వెంటనే అత్తయ్యకు ఫోను చేశాను.

"అరుస్తున్నాడా?" అంది అత్తయ్య.

"లేదత్తయ్యా, మెల్లగా మాట్లాడుతున్నాడు."

"వస్తున్నా" అని ఫోను పెట్టేసింది.

కళ్ళాసుపత్రిలో అందరూ నన్ను చూసి దారి ఇచ్చారు, ఒళ్ళంతా జిగురు ఎండిపోయి పలకలు పలకలుగా రాలుతోంది మరి. డాక్టరమ్మ మామయ్య కళ్ళలో చుక్కలు వేయించి, కంటిపాప విప్పారాక నుదుటికి లైటు కట్టుకుని అటూ ఇటూ చూడమంటూ పరీక్ష చేసింది. సన్నగా, చురుగ్గా, మాట తేల్చి చెప్పే మనిషి.

"పెద్దాయనా, కంటి లోపల వెనక గోడకు పల్చటి పొర ఒకటి అంటుకుని ఉంటుంది. రెటీనా అంటాం. మనం చూసేది దాని మీదే పడుతుంది. మీ కుడి కంట్లో అది పైభాగంలో చిరిగింది. చిరుగులోంచి నీళ్ళు వెనక్కి పోయి పొర గోడనుంచి ఊడిపోతోంది."

"ఊడిపోతోందా!" మైకు మళ్ళీ పనిచేసింది. "నేను అంటించినదేదీ ఇంతవరకూ ఊడలేదండీ!"

"ఇది మీరు అంటించింది కాదుగా" అంది డాక్టరమ్మ. "చిన్న వయసులో కన్ను నిండా చిక్కటి జెల్లీలాంటి పదార్థం ఉంటుంది. వయసు మీదపడేకొద్దీ అది నీళ్ళలా పల్చబడి, ముడుచుకుని, పొరను వదిలేస్తుంది. చాలామందికి ఏ గొడవా లేకుండానే జరిగిపోతుంది. మీకు మాత్రం వదిలేటప్పుడు పొరను పట్టుకు లాగింది. లాగినప్పుడల్లా మెరుపు. చిరిగినప్పుడు ఆ నల్లచుక్కలు."

మామయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. "అయితే నన్నెవరూ ఫొటో తియ్యలేదా?"

"లేదండీ."

ఆయన ముఖంలో ఆపరేషన్ భయం కన్నా ఆ దిగులే ఎక్కువ కనిపించింది.

"చూపుకి ఆయువుపట్టు లాంటి నడిమి భాగం ఇంకా అంటుకునే ఉంది. అది ఊడకముందే అతికించాలి. ఇవాళే చేస్తాను" అని ఏర్పాట్లు చూడటానికి వెళ్ళింది డాక్టరమ్మ.

మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టారు. ఎదురుగా గోడమీద నిలువెత్తు పోస్టరు, కంటి జాగ్రత్తల గురించి. ఎవరో చేతికొచ్చినట్టు అంటించారు. మామయ్య తన కన్ను సంగతి వదిలేసి దాని మీద పడ్డాడు.

"పై కుడి మూల చూడవే, కుక్కచెవిలా ఎలా వేలాడుతోందో! ఇదా పని?" కాసేపు గొణిగి, నావైపు వంగాడు. "కోడలా, కుడి కన్ను నన్ను ముంచినా ముంచవచ్చు. ఇకనుంచి ఎడమ కంటితో పని నేర్చుకోవాలి. నువ్వు కూడా నేర్చుకో, ఒకరికి తోడు ఒకరుంటాం. కుడి కన్ను మూసి చూడు."

ఆయన భయాన్ని మరిపించడానికి సరే అన్నాను. నా జీవితంలో మొదటిసారి కుడి కన్ను మూసి, పోస్టరు నడిమధ్యకు చూపు నిలిపాను.

"చూశావా మూల?"

"ఏ మూల మామయ్యా?"

"పై కుడి మూలే. వేలాడుతున్నది."

"అక్కడ మూలే లేదు."

నిజంగానే లేదు. మిగతా మూడు మూలలూ ఉన్నాయి. నాలుగోది ఉండాల్సిన చోట మసక. కళ్ళద్దాలు తీసి చున్నీతో తుడిచాను. మళ్ళీ పెట్టుకుని చూశాను, మళ్ళీ తుడిచాను. "జిగురు చిమ్మినట్టుంది మామయ్యా, పొద్దున బకెట్టు పడిందిగా" అన్నాను.

మామయ్య తుడుస్తున్న నా చేతినే చూస్తున్నాడు. ఆ తరవాత లేచి ఒక్క కేక పెట్టాడు చూడండి, ఆ కేకకు మందుల గది కిటికీలోంచి తలలు బయటికొచ్చాయి.

"డాక్టరమ్మగారూ! నా సంగతి తరవాత! ముందు నా కోడలి కన్ను చూడండి!"

అత్తయ్య చెయ్యి పట్టి లాగింది, ఆయన కూర్చోలేదు. నర్సు సముదాయించబోయింది, ఆవిడ మీద కూడా అరిచాడు. ఆయన నోరు ముయ్యడానికి వేరే దారి లేక నా కంట్లోనూ చుక్కలు వేశారు. డాక్టరమ్మ లైటు కట్టుకుని చూసింది. కిందికి చూడమంది. ఇంకా కిందికి అంది. చాలాసేపు చూసింది.

"నీకు మెరుపులేమైనా వచ్చాయా? చుక్కలు?"

"ఏమీ రాలేదు డాక్టరుగారూ. నొప్పి కూడా లేదు."

"నీకు కూడా పొర ఊడిందమ్మా. కిందిభాగంలో. నెలల కిందటే మొదలైనట్టుంది, ఊడిన మేర గీత లాంటి మచ్చ కూడా పడింది."

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టయింది! ఆసుపత్రికి వచ్చింది ఎవరికోసం, జబ్బు బయటపడింది ఎవరికి! కింద ఊడితే పైన కనిపించకపోవడమేమిటని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి. కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుందని, పైన ఉన్నవాటిని కిందిపొర చూస్తుందని చెప్పింది.

"మైనస్ పవర్ ఎక్కువున్న కళ్ళు పొడుగ్గా సాగి ఉంటాయి. అంచుల్లో పొర పల్చబడి, గుండ్రంగా చిన్న చిల్లులు పడతాయి. పెద్దవాళ్ళకైతే లాగి చింపుతుంది కాబట్టి గోల గోలగా తెలుస్తుంది, పరిగెత్తుకొస్తారు. నీ వయసులో జెల్లీ ఇంకా చిక్కగానే ఉంటుంది. లాగదు, నీళ్ళను తొందరగా పోనివ్వదు. చప్పుడు లేకుండా మెల్లగా ఊడుతుంది. రెండో కన్ను దాన్ని కప్పేస్తుంది. మీలాంటి కుర్రవాళ్ళు చాలామంది నడిమి భాగం కూడా ఊడిపోయాకే మా దగ్గరికి వస్తారు. నీకు ఇంకా అక్కడిదాకా రాలేదు."

ఎడమ కన్ను మూసే అలవాటు మామయ్య జబ్బును రెండు రోజుల్లో పట్టించింది. అదే అలవాటు నా జబ్బును నెలల తరబడి దాచింది. ఆ నిమిషాన నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

అంతలో చక్రాల కుర్చీ వచ్చింది మామయ్యకోసం. ఆయన ఎక్కనన్నాడు.

"ముందు దానికి చెయ్యండి. చిన్నపిల్ల, బతుకంతా ముందుంది. నేను చూడాల్సినవన్నీ చూసేశాను."

"మీది ఆగదు పెద్దాయనా. తనది కొన్ని రోజులు ఆగుతుంది" అంది డాక్టరమ్మ.

"అదెలా కుదురుతుందండీ! జ్వరమైనా పిల్లలకే చప్పున పెరుగుతుంది. ముసలాడి జబ్బు ముసలాడిలాగే నిదానం. మీరు నన్ను మాయ చేస్తున్నారు!"

"కంట్లో ఆ లెక్క తిరగబడుతుందండీ" అని ఆవిడ ఎంత చెప్పినా వినడే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కుర్చీ చక్రం పట్టుకుని నిలబడ్డాడు. అటు ఆయన కంట్లో నీళ్ళు నిమిష నిమిషానికీ కిందికి దిగుతున్నాయి. అత్తయ్య, ఎన్నడూ ఉలకని మనిషి, రెండు చేతులూ జోడించింది. నేను కళ్ళు తుడుచుకుని ఆయన ముందుకెళ్ళి నిలబడ్డాను.

"మామయ్యా, పోస్టరు పైనుంచి ఊడిందనుకో. ఏమవుతుంది?"

"ఏమవుతుంది? తన బరువుకు తనే ముందుకు పడి, చూస్తుండగానే మొత్తం జారిపోతుంది. పరిగెత్తాలి."

"కిందినుంచి ఊడితే?"

"పైన పట్టుంటుంది కదే. నెలల తరబడి వేలాడుతూ ఉంటుంది. తీరిగ్గా వెళ్ళి అంటించుకోవచ్చు."

"నీది పైనుంచి ఊడింది. నాది కిందినుంచి."

మామయ్య నా వైపు చూశాడు, డాక్టరమ్మ వైపు చూశాడు, గోడమీద వేలాడుతున్న ఆ మూల వైపు చూశాడు. ఆవిడ తల ఊపి, "తీరిగ్గా అంటే మరీ తీరిగ్గా కాదు. ఈ వారంలోనే తనకి చేస్తాను, మాటిస్తున్నాను" అంది.

గబుక్కున కుర్చీలో కూర్చున్నాడు. "మరింకా ఏం చూస్తున్నారు? తొయ్యండి! జారిపోతోందిక్కడ!"

కంటికి మాత్రమే మత్తు ఇచ్చారట, నోటికి ఇవ్వలేదు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ తలుపు ఇవతలికి ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది: "బుడగలు లేకుండా ఒత్తండమ్మా, మధ్యనుంచి అంచులకు ఒత్తాలి!" అత్తయ్య ఆ అరుపు విని, ఆ రోజు మొదటిసారి గుక్కెడు నీళ్ళు తాగింది.

ఆయన కంట్లో పల్చబడిపోయిన జెల్లీ తీసేసి, చిరుగు చుట్టూ లేజరుతో అతికించి, పొర గోడకు ఒత్తుకుని ఉండేలా గ్యాసు నింపారు. కొన్నాళ్ళు తల దించుకుని ఉండమన్నారు. బతుకంతా తల పైకెత్తి బతికిన మనిషి! చూడ్డానికి వచ్చినవాళ్ళను చెప్పులను బట్టి గుర్తుపట్టేవాడు. గ్యాసు మెల్లగా కరుగుతూ కంట్లో గీతలా ఊగుతుంటే, "నా కంట్లో తాపీమేస్త్రీ రసమట్టం పెట్టారు, ఇక వంకర పోయే ప్రశ్నే లేదు!" అని నేలతో చెప్పుకుని మురిసిపోయాడు.

డాక్టరమ్మ మాట నిలబెట్టుకుంది. నా కంట్లో జెల్లీని కదపలేదు. చిన్న వయసువాళ్ళకు అది గట్టిగా ఉన్నంతకాలం దాన్ని కదపకపోవడమే మేలట. చిల్లుల దగ్గర మంచులాంటి చల్లటి కడ్డీతో అంటించి, కంటి బయట చిన్న సిలికాన్ పట్టీ కట్టి గోడను లోపలికి నొక్కారు. "చూశావా, నాకు లోపలినుంచి ఒత్తారు, నీకు బయటినుంచి నొక్కారు. ఊడింది ఒకటే, వయసును బట్టి పని వేరు!" అని మామయ్య వచ్చిపోయే చెప్పులన్నిటికీ వివరించాడు.

ఆయన అలా అరుస్తున్నా నాకు లోలోపల భయంగానే ఉండేది. కన్ను ఎర్రబడి, వాచి, చాలారోజులు మసగ్గా ఉండింది. అతుక్కుందని డాక్టరమ్మ చెప్పినా, కుడి కన్ను మూసి చూసుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ మూల లేకపోతే? ఎవరైనా అడిగితే నీళ్ళు నమిలేదాన్ని.

కొన్ని నెలలకు మామయ్యకు నిచ్చెన ఎక్కడానికి అనుమతి దొరికింది. ఎక్కిన మొదటి రోజు అదే సినిమా హాలు గోడ. నేను రోడ్డుకు ఇవతల. పోస్టరు అంటించి, కుంచె చంకలో పెట్టుకుని, నావైపు తిరిగాడు.

"కుడి కన్ను మూయి!"

వీధంతా విన్నది. మేనేజరు బయటికొచ్చి నిలబడ్డాడు.

"వద్దు మామయ్యా, రేపు చూస్తాను."

"మూయమన్నానా!"

మూశాను. పోస్టరు నడిమధ్యకు చూపు నిలిపాను. కింది మూలలు రెండూ ఉన్నాయి. పై ఎడమ మూల ఉంది. పై కుడి మూల... ఉంది! ఉండటమే కాదు, అక్కడ చెయ్యంత ముడత ఉంది. నా కన్నే నన్ను మోసం చేస్తోందేమో అనుకున్నాను, మామయ్య పోస్టరులో ముడతేమిటి? కుడి కన్ను తెరిచి చూశాను, ఉంది. మళ్ళీ మూశాను, ఉంది.

"మామయ్యా! పై కుడి మూలలో ముడతుంది!"

"గట్టిగా చెప్పు!"

"ముడత పడింది మామయ్యా! పెద్ద ముడత!"

నిచ్చెన మీదే రెండు చేతులూ గాల్లోకెత్తాడు. కింద అత్తయ్య "పట్టుకోండి, పట్టుకోండి" అని అరుస్తోంది, ఈసారి అరుపు ఆవిడదే. "విన్నారా!" అన్నాడు మామయ్య వీధి మొత్తానికి. "నా పోస్టరులో ముడత ఉందట! నా కోడలు పట్టుకుంది, ఎడమ కంటితో పట్టుకుంది!" ఆయన రెండు కళ్ళూ కారిపోతున్నాయి. నావీ అంతే.

ఆ ముడతను ఆయన సరిచెయ్యలేదు. సినిమా ఆడినన్నాళ్ళూ అలాగే ఉంచాడు. దారిన పోయేవాళ్ళెవరైనా చూడకుండా వెళ్ళిపోతే, పిలిచి మరీ చూపించేవాడు.